ఇంజనీరింగ్‌తో పాటు కంప్యూటర్ సైన్స్: బీటెక్ నాలుగేళ్లను ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఇంటర్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. అమ్మాయికి సర్క్యూట్లంటే ఇష్టం. నాన్నకు సీఎస్ఈ సీటు కావాలి. మేనమామేమో "ఏ బ్రాంచ్ తీసుకున్నా చివరికి సాఫ్ట్‌వేరేగా" అంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. సర్క్యూట్లూ కోడూ రెండూ వచ్చినవాళ్లు చేసే పనులు చాలానే ఉన్నాయి, ఆ పనులకు మనుషులూ కావాలి. అయితే సీటు తీసుకున్నంత మాత్రాన ఆ రెండూ కలిసిపోవు. ఎనిమిది సెమిస్టర్లలో ఏది ఎప్పుడు చదవాలో మీరే కూర్చుని రాసుకోవాలి. ఎలా రాసుకోవాలో చెబుతాను. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకూ, బీటెక్ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకూ ఇది ఎక్కువగా పనికొస్తుంది.

1. ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి

"రెండూ చదవాలి" అనుకుంటే సరిపోదు. రెండూ కలిసే చోట్లు ఏమిటో చూడండి. చిప్ డిజైన్ ఉంది: ఇక్కడ ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ రెండూ కావాలి. ఎంబెడెడ్ సిస్టమ్స్ ఉన్నాయి, అంటే వాషింగ్ మెషిన్ నుంచి కారు బ్రేకుల దాకా లోపల నడిచే చిన్న కంప్యూటర్లు. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాలు, కరెంటు గ్రిడ్ నిర్వహణ, ఉపగ్రహ సంకేతాలు ఉన్నాయి. మెకానికల్, సివిల్ వైపు వస్తే ఒక భాగమో వంతెనో ఎంత బరువు తట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్ రంగం ఉంది.

వీటిలో ఏదైనా ఒకటి మిమ్మల్ని లాగుతుంటే ముందుకు చదవండి. యాప్‌లు, వెబ్‌సైట్లు, బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రమే మీ లక్ష్యమైతే ఈ శ్రమ అక్కర్లేదు. నేరుగా సీఎస్ఈ తీసుకోండి. సీటు రాకపోతే వచ్చిన బ్రాంచ్‌లో చేరి ప్రోగ్రామింగ్ బాగా నేర్చుకోండి. అదీ మంచి దారే.

2. డిగ్రీ మీద ఏ బ్రాంచ్ పేరు ఉండాలి?

ఈ నిర్ణయాన్ని తర్వాత మార్చుకోవడం కష్టం, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండింటి మీదా సమానంగా ఇష్టం ఉంటే, ల్యాబ్ కావాల్సిన దాన్ని డిగ్రీగా తీసుకోండి, కంప్యూటర్ సైన్స్‌ను పక్కన చేర్చుకోండి. అల్గారిథమ్స్‌ను ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద కూడా నేర్చుకోవచ్చు. ఎలక్ట్రికల్ మెషిన్స్ ల్యాబ్, మైక్రోవేవ్ బెంచ్, హైడ్రాలిక్స్ ల్యాబ్ ఇంట్లో పెట్టుకోలేం. పక్కన కూర్చుని చూపించే ల్యాబ్ అసిస్టెంట్ యూట్యూబ్‌లో దొరకడు.

ఉద్యోగ నోటిఫికేషన్లు ఇంకో కారణం. జెన్‌కో, ట్రాన్స్‌కో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకైనా, ఎన్‌టీపీసీ, బీహెచ్ఈఎల్ లాంటి సంస్థలకైనా, ఇస్రో సైంటిస్ట్ పోస్టులకైనా అర్హతలో బ్రాంచ్ పేరు రాస్తారు. మీరు సీఎస్ఈ చేసి ఎలక్ట్రికల్‌లో మైనర్ (వేరే విభాగంలో అదనంగా చేసే కొన్ని కోర్సులు) పూర్తి చేసినా, ఎలక్ట్రికల్ ఏఈ పోస్టుకు అది లెక్కలోకి రాదు. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీలు మాత్రం చాలావరకు బ్రాంచ్ కంటే కోడింగ్ పరీక్షనే చూస్తాయి. అంటే ఈసీఈ, ఈఈఈ చదివి కంప్యూటర్ సైన్స్ చేర్చుకున్నవాళ్లకు రెండు వైపులా తలుపులు తెరిచి ఉంటాయి. సీఎస్ఈ చదివి ఎలక్ట్రికల్ చేర్చుకున్నవాళ్లకు ఒకవైపే.

సర్క్యూట్లూ యంత్రాలూ చూస్తే విసుగొచ్చే వాళ్లు మాత్రం ఈ లెక్క కోసం ఈసీఈలో చేరొద్దు. నాలుగేళ్లపాటు ఇష్టం లేని సబ్జెక్టులు చదివితే బ్యాక్‌లాగ్‌లే (తప్పిన సబ్జెక్టులే) మిగులుతాయి.

3. ఏ దారిలో చేరొచ్చు

ఎక్కువ మంది వచ్చేది ఈఏపీసెట్ ద్వారానే. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వెబ్ ఆప్షన్స్‌లో ఈసీఈ, ఈఈఈ, మెకానికల్‌తో పాటు కొన్ని కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ అనే బ్రాంచ్ కనిపిస్తుంది. రెండూ కలిపి కావాలనుకునేవాళ్లకు అది సరిగ్గా సరిపోయినట్టు అనిపిస్తుంది. ఎంచుకునే ముందు ఆ కాలేజీ సిలబస్ తెరిచి రెండు విషయాలు చూడండి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉందా? ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉందా? రెండూ పూర్తి కోర్సులుగా ఉంటే మంచిదే. ఒక వైపు లోతు తగ్గించి కోర్సుల పేర్లు మాత్రమే పెంచి ఉంటే, మామూలు ఈసీఈ తీసుకుని మైనర్ చేయడమే మేలు. ఈ బ్రాంచ్ పేరును మీరు ఆశించే ప్రభుత్వ నోటిఫికేషన్లలో ఈసీఈతో సమానంగా తీసుకుంటున్నారో లేదో కూడా పాత నోటిఫికేషన్లు తీసి చూసుకోండి.

జేఈఈ లాంటి ఇతర పరీక్షలు రాసేవాళ్లకు ఇంకొన్ని దారులున్నాయి. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఒక బ్రాంచ్‌లో చేరి ఇంకో విభాగంలో మైనర్, మార్కులు బాగుంటే డబుల్ మేజర్ కూడా చేయవచ్చు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో యూజీఈఈ అనే సొంత పరీక్ష ద్వారా ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది. బీటెక్‌తో పాటు పరిశోధనతో కూడిన ఎంఎస్ వస్తుంది. బిట్స్‌లో, దాని హైదరాబాద్ క్యాంపస్‌తో సహా, ముందు ఎమ్మెస్సీ సీటు తీసుకుని, మొదటి ఏడాది సీజీపీఏను (మార్కుల సగటు గ్రేడును) బట్టి బీఈ బ్రాంచ్ పొందే ఐదేళ్ల పద్ధతి ఉంది. మ్యాథ్స్ ఎమ్మెస్సీతో పాటు ఎలక్ట్రానిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ కలిస్తే చాలా బలమైన చదువు అవుతుంది. ఫీజు ఎక్కువ, ఐదేళ్లు పడుతుంది. ఇంట్లో ఆ మాట ముందే మాట్లాడుకోండి.

ఆర్‌జీయూకేటీలో (బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో) పదో తరగతి తర్వాత చేరిన పిల్లలకు రెండేళ్ల పీయూసీ అయ్యాకే బ్రాంచ్ వస్తుంది కాబట్టి, ఈ ఆలోచన పీయూసీలోనే మొదలుపెట్టాలి.

డబ్బు సంగతి ఒక్క మాటలో: మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ సాధారణంగా కన్వీనర్ సీటుకే ఉంటుంది. పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీఎస్ఈకి అప్పు చేయడం కంటే, మంచి ల్యాబ్‌లు ఉన్న కాలేజీలో కన్వీనర్ కోటా ఈసీఈ లేదా ఈఈఈ తీసుకుని కంప్యూటర్ సైన్స్ మైనర్ చేయడం చాలా కుటుంబాలకు తెలివైన పని.

4. రెగ్యులేషన్ పీడీఎఫ్ చదవండి

కాలేజీ బ్రోషర్ కాదు, రెగ్యులేషన్, అంటే కోర్సు నియమాలు, సిలబస్ ఉండే పత్రం. జేఎన్టీయూ హైదరాబాద్ కాలేజీల్లో చేరిన ఏడాదిని బట్టి ఆర్22 లేదా ఆర్25, ఆంధ్రప్రదేశ్ జేఎన్టీయూ కాలేజీల్లో ఆర్23, అటానమస్ కాలేజీల్లో వాళ్ల సొంతది. మీ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో అడిగి, వెబ్‌సైట్ నుంచి దించుకుని చదవండి.

సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్ 160 క్రెడిట్ల (ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే పాయింట్ల) చుట్టూ ఉంటుంది. దానిపైన ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు వేరే విభాగంలో చేస్తే మైనర్, సొంత విభాగంలోనే చేస్తే ఆనర్స్. మీకు కావాల్సింది మైనర్. పీడీఎఫ్‌లో వెతకాల్సినవి ఇవి: మైనర్‌కు ఎప్పుడు పేరు ఇవ్వాలి, ఎంత సీజీపీఏ ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉంటే అనుమతిస్తారా, ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) కోర్సులను ఎంతవరకు ఒప్పుకుంటారు, మధ్యలో ఆపేస్తే చేసిన క్రెడిట్లు ఏమవుతాయి.

తర్వాత కాలేజీకి వెళ్లి ఇంకో ప్రశ్న అడగండి: "పోయినేడాది మీ కాలేజీలో ఈసీఈ నుంచి సీఎస్ఈ మైనర్ ఎంతమంది పూర్తిచేశారు?" రెగ్యులేషన్‌లో ఉండి, టైమ్‌టేబుల్‌లో లేని మైనర్లు చాలా ఉన్నాయి. క్లాసు సాయంత్రం ఐదింటికి పెడితే హాస్టల్ పిల్లలు వస్తారు, ఊరి నుంచి కాలేజీ బస్సులో వచ్చేవాళ్లు ఏం చేయాలి? ఈ ప్రశ్న చేరకముందే అడగాలి.

5. ఎనిమిది సెమిస్టర్ల పట్టిక

ఒక పెద్ద కాగితం తీసుకుని ఎనిమిది గడులు గీయండి: 1-1 (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్) నుంచి 4-2 వరకు. మీ బ్రాంచ్ సిలబస్‌లో ఉన్న సబ్జెక్టులు ముందు రాయండి. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టులను వాటి మధ్య కూర్చోబెట్టాలి. ఎన్ని కోర్సులు చేశామన్న దానికంటే ఏది దేని తర్వాత చేశామన్నదే ముఖ్యం.

కంప్యూటర్ సైన్స్‌లో మూడు వరుసలు గుర్తుపెట్టుకోండి. సీ ప్రోగ్రామింగ్ తర్వాత డేటా స్ట్రక్చర్స్, దాని తర్వాత అల్గారిథమ్స్. డిజిటల్ లాజిక్ తర్వాత కంప్యూటర్ ఆర్గనైజేషన్, దాని తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆ తర్వాత నెట్‌వర్క్స్. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ తర్వాత మెషిన్ లెర్నింగ్. ఈ వరుస తప్పి రెండో ఏడాదిలోనే మెషిన్ లెర్నింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు లైబ్రరీ ఫంక్షన్ పిలవడం నేర్చుకుంటారు గానీ, మోడల్ ఎందుకు తప్పుతోందో చెప్పలేరు.

ఈసీఈలో ఉన్నవాళ్లకు నేను ఇలా వేయమంటాను.

మొదటి ఏడాదిలో అదనంగా ఏమీ వద్దు. మ్యాథ్స్, సీ ప్రోగ్రామింగ్ గట్టిగా చదవండి. మైనర్‌కు కావాల్సిన సీజీపీఏ ఇక్కడే తయారవుతుంది. 1-2 తర్వాత వచ్చే వేసవిలో డేటా స్ట్రక్చర్స్ మొత్తం సీలోనే సొంతంగా రాయండి: లింక్డ్ లిస్ట్, స్టాక్, క్యూ, ట్రీ, హ్యాష్ టేబుల్. పాయింటర్ల (సీలో మెమరీ చిరునామాలతో చేసే పని) భయం ఈ వేసవిలోనే పోవాలి, ఎందుకంటే ఎంబెడెడ్ పని అంతా పాయింటర్లే.

2-1లో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ సిలబస్‌లో ఇది సాధారణంగా ఉండదు. ఇది వదిలేస్తే అల్గారిథమ్స్‌లో నిరూపణలు అర్థం కావు, గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) కంప్యూటర్ సైన్స్ పేపర్లో మంచి భాగం చేజారిపోతుంది. 2-2లో అల్గారిథమ్స్. కంప్యూటర్ ఆర్గనైజేషన్ మీ బ్రాంచ్‌లో లేకపోతే దాన్ని కూడా ఈ ఏడాదే ముగించండి. డిజిటల్ లాజిక్ అప్పుడే చదివి ఉంటారు కాబట్టి సగం తెలిసినట్టే ఉంటుంది.

3-1లో ఆపరేటింగ్ సిస్టమ్స్. చాలా కాలేజీల్లో ఈసీఈకి మైక్రోకంట్రోలర్లు కూడా ఇదే సమయంలో వస్తాయి. ఈ రెండూ ఒకే సెమిస్టర్‌లో పడితే అంతకంటే అదృష్టం లేదు. ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే సంకేతం) అంటే ఏమిటో పొద్దున బోర్డు మీద చూస్తారు, మధ్యాహ్నం అదే ఇంటరప్ట్‌ను ఆధారం చేసుకుని షెడ్యూలర్ ఒక ప్రోగ్రామ్‌ను ఆపి ఇంకోదాన్ని ఎలా నడుపుతుందో చదువుతారు. ఈ రెండు సబ్జెక్టులను పక్కపక్కన చదివినవాళ్లకు వచ్చే పట్టు విడిగా చదివినవాళ్లకు రాదు. మీ పట్టికలో వీటిని ఒకే గడిలో పెట్టడానికి కొంచెం కష్టపడ్డా ఫర్వాలేదు.

3-2లో కంప్యూటర్ నెట్‌వర్క్స్. 4-1లో మీ రంగానికి కావాల్సిన ఒకటి: చిప్‌ల వైపైతే అడ్వాన్స్‌డ్ కంప్యూటర్ ఆర్కిటెక్చర్, సిగ్నల్స్ వైపైతే మెషిన్ లెర్నింగ్, రోబోటిక్స్ అయితే కంప్యూటర్ విజన్. 4-2 ప్రాజెక్టుకు వదలండి.

డేటాబేస్‌లను సొంతంగా నేర్చుకోవచ్చు, వెబ్ డెవలప్‌మెంట్ కూడా అంతే. మైనర్ క్రెడిట్లను వాటి మీద ఖర్చు పెట్టకండి. సెమిస్టర్‌కు అదనంగా ఒక్క కోర్సే పెట్టుకోండి. ఏ ఏడాదైనా ఒకచోట రెండు పెట్టక తప్పకపోతే, మీ బ్రాంచ్‌లో తేలిక సెమిస్టర్ ఏదో సీనియర్లను అడిగి అక్కడ పెట్టండి. ఈసీఈలో ఈఎంటీఎల్ (ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ అండ్ ట్రాన్స్‌మిషన్ లైన్స్) ఉన్న సెమిస్టర్ మాత్రం అది కాదు.

ఈఈఈ వాళ్లకూ దాదాపు ఇదే వరుస. చివర్లో నెట్‌వర్క్స్‌తో పాటు న్యూమరికల్ మెథడ్స్, ఆప్టిమైజేషన్ చేర్చండి, గ్రిడ్ లెక్కలన్నీ వాటి మీదే నడుస్తాయి. మెకానికల్, సివిల్ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ స్థానంలో ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్‌ను (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే పద్ధతి), దానికి కోడ్ రాయడాన్ని పెట్టుకోవచ్చు.

6. ఎన్‌పీటెల్‌ను సరిగ్గా వాడుకోండి

కాలేజీలో ఆ సబ్జెక్టుకు మంచి టీచర్ లేకపోతే ఎన్‌పీటెల్ పెద్ద అండ. వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు వెయ్యి రూపాయల దాకా ఫీజు. జనవరి, జూలైలలో కోర్సులు మొదలవుతాయి. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, చివర్లో సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ పైథాన్‌తో చెప్పే డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ కోర్సు, ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన ఇంద్రనీల్ సేన్‌గుప్తా వెరిలాగ్ (చిప్‌లను వర్ణించే భాష) మీద చెప్పిన హార్డ్‌వేర్ మోడలింగ్ కోర్సు మీలాంటివాళ్లకు బాగా పనికొస్తాయి. రెండూ ఎనిమిది వారాలవి.

జాగ్రత్త ఒకటుంది. క్రెడిట్లు కావాలంటే, కోర్సులో చేరకముందే మీ హెచ్ఓడీ (విభాగాధిపతి) నుంచి అది ఏ సబ్జెక్టుకు బదులుగా లెక్కిస్తారో కాగితం మీద తీసుకోండి. ఎనిమిది వారాల కోర్సుకు, పన్నెండు వారాల కోర్సుకు క్రెడిట్లు వేరుగా ఉంటాయి. పరీక్ష తేదీ మీ మిడ్స్‌తోనో సెమిస్టర్ పరీక్షలతోనో కలుస్తుందేమో కూడా చూసుకోండి.

కాలేజీలో మైనర్ అసలే లేకపోతే ఇంకో దారి ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీని చాలామంది బీటెక్‌తో పాటు చేస్తున్నారు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు సెంటర్లో. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఫీజు రాయితీ ఉంది. అందులో ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని మెట్లు ఉన్నాయి, ఎక్కడైనా ఆగవచ్చు. బీటెక్ చేస్తూ డిప్లొమా వరకు వెళ్లగలిగితే చాలు. మొత్తం డిగ్రీ కోసం పరుగెత్తి రెండుచోట్లా మార్కులు పోగొట్టుకోవద్దు.

7. ప్రతి ఏడాదీ రెండూ కలిసే వస్తువు ఒకటి చేయండి

ఎంత చదివినా, రెండు చదువులూ మీ చేతుల్లో కలిసేది ప్రాజెక్టులోనే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు వద్దు. చుట్టూ చూస్తే సమస్యలు కావలసినన్ని ఉన్నాయి.

బోరు మోటారునే తీసుకోండి. త్రీఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే వైండింగ్ కాలిపోతుంది. బోరులో నీళ్లు లేకుండా తిరిగినా పంపు పాడవుతుంది. ఒక్కో వైరు చుట్టూ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఎంత కరెంటు పోతోందో కొలిస్తే ఈ రెండు పరిస్థితులనూ పట్టుకోవచ్చు. ఇది ఎలక్ట్రికల్ పని. మోటారు ఆగి ఉంది, మొదలవుతోంది, నడుస్తోంది, లోపంలో ఉంది అని నాలుగు స్థితులు రాసుకుని, ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఎప్పుడు వెళ్లాలో కోడ్ చేయడం, సిగ్నల్ లేనప్పుడు రీడింగులను దాచి తర్వాత పంపడం కంప్యూటర్ పని.

ఇక అసలు అందం ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపే పరికరం) దగ్గర ఉంది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే, స్టార్టింగ్ కరెంటు అన్నీ కలిసి దాని మీద పడుతుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు రైతులను కోరేది ఇలాంటి కారణాలతోనే. నెట్‌వర్క్స్ చదివినవాళ్లకు ఇది తెలిసిన సమస్యే. ఒకే కేబుల్ మీద చాలా కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడబోతే, ఒక్కొక్కటి యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించే పద్ధతిని ఈథర్‌నెట్‌లో ఎప్పుడో పెట్టారు. అదే ఆలోచనను స్టార్టర్‌లో పెట్టి, కరెంటు వచ్చాక ఒక్కో మోటారు వేర్వేరు సమయం ఆగి లేచేలా చేయవచ్చు. నెట్‌వర్క్స్ పుస్తకంలోని ఒక పేజీ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికొచ్చింది చూడండి. ఈ రెండు చదువులూ కలిసిన మనిషికి తట్టే ఆలోచనలు ఇలా ఉంటాయి.

ఈఎస్పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్), సెన్సర్లు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. 415 వోల్టుల లైన్ దగ్గర మాత్రం మీరొక్కరే ప్రయోగాలు చేయకండి. ముందు ల్యాబ్‌లో చిన్న మోటారు మీద, ల్యాబ్ ఇన్‌చార్జి పక్కన ఉండగా చేయండి. రాసిన కోడ్, గీసిన సర్క్యూట్, తీసిన రీడింగులు మొదటి రోజు నుంచే గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపించే వెబ్‌సైట్) పెట్టండి. ఇంటర్వ్యూలో మాట్లాడాల్సింది దాని గురించే.

8. మూడో ఏడాదిలో గేట్, ఇంటర్న్‌షిప్

గేట్ మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈసీఈ విద్యార్థి కంప్యూటర్ సైన్స్ పేపర్ రాయడానికి అడ్డు లేదు. అనుమతించిన జంటల్లో ఉంటే రెండు పేపర్లు కూడా రాయొచ్చు. 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ కూడా వచ్చింది. పైన చెప్పిన వరుసలో చదివితే మూడో ఏడాది చివరికి కంప్యూటర్ సైన్స్ పేపర్లో సగానికి పైగా మీ చేతిలో ఉంటుంది. థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్లు, డేటాబేస్‌లు సొంతంగా చదువుకోవాలి.

ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాద్ దగ్గరే ఉంది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలకు అక్కడ పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. దరఖాస్తులో "కోడింగ్ వచ్చు" అని రాయొద్దు. "వెరిలాగ్‌లో చిన్న ప్రాసెసర్ రాశాను, దాన్ని పరీక్షించే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను" అని రాయండి, లింక్ పెట్టండి.

9. దారి తప్పితే ముందు దేన్ని వదలాలి

బ్యాక్‌లాగ్ పడితే మైనర్‌ను పక్కన పెట్టండి, కోర్ సబ్జెక్టును కాదు. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను పరీక్షకే పిలవవు. మైనర్ అనే ముద్ర పోయినా నేర్చుకున్న అల్గారిథమ్స్ ఎక్కడికీ పోవు. టెన్షన్ పెరిగి నిద్ర తగ్గుతోందంటే ఆ సెమిస్టర్‌లో అదనపు కోర్సు తీసేయండి, వేసవికి జరపండి. తల్లిదండ్రులు కూడా ఈ విషయంలో పిల్లలకు అండగా నిలబడాలి. "మొదలుపెట్టావుగా, ఎలాగైనా పూర్తి చెయ్" అని ఒత్తిడి పెట్టొద్దు.

పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా నేరుగా 2-1లో చేరేవాళ్లకు ఈ పట్టిక కొంచెం మార్చాలి. మీకు ల్యాబ్ అనుభవం ఎక్కువ, మొదటి ఏడాది మ్యాథ్స్ తక్కువ. ఈసెట్ రాసిన రోజుకూ కాలేజీ తెరిచే రోజుకూ మధ్య దొరికే సమయంలో సీ, డేటా స్ట్రక్చర్స్ మొదలుపెట్టండి. 2-1లో అదనపు కోర్సు తీసుకోకుండా మ్యాథ్స్‌కే సమయం ఇవ్వండి. డిస్క్రీట్ మ్యాథ్స్‌ను 2-2కు జరిపి, అల్గారిథమ్స్‌ను రెండో ఏడాది తర్వాతి వేసవిలో చదివితే, 3-1 నుంచి మిగతావాళ్లతో సమానంగా వస్తారు. మైనర్‌కు లాటరల్ ఎంట్రీ వాళ్లను తీసుకుంటారో లేదో రెగ్యులేషన్‌లో విడిగా రాసి ఉంటుంది. చేరిన వారంలోనే ఆ పేరా చూసుకోండి.